సలహాలు చెప్పే మనిషి తన గోడు చెప్పుకునే దాకా: ఒక పీజీ యజమాని డిప్రెషన్, తోటివారి సపోర్ట్ గ్రూప్ (కేస్ స్టడీ)

బెంగళూరు తూర్పు వైపు, మారతహళ్లికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. డిప్రెషన్‌తో బతుకుతున్న తెలుగువాళ్ల కోసం మా దగ్గర ఆదివారం సాయంత్రాలు ఒక సపోర్ట్ గ్రూప్ నడుస్తోంది. 2023 దసరా వెళ్లాక అందులోకి వచ్చిన ఒకాయన కేసు ఇది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఆయనవీ, గ్రూప్‌లోని మిగతావాళ్లవీ కొన్ని వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఆయన వయసు 43. నెల్లూరు జిల్లా నుంచి కుర్రతనంలోనే బెంగళూరు వచ్చారు. మొదట వేరేవాళ్ల పీజీలో మేనేజరుగా చేశారు. తర్వాత రెండు బిల్డింగులు లీజుకు తీసుకుని సొంతంగా జెంట్స్ పీజీలు పెట్టారు. భార్య, ఇద్దరు పిల్లలు నెల్లూరులోనే ఉంటారు. ఆయన మాత్రం ఇక్కడ పీజీ కింది అంతస్తులో, ఆఫీసు గదిలోనే పడుకుంటారు.

మా దగ్గరికి ఆయన తనంతట తాను రాలేదు. ఛాతీ బరువుగా ఉందని, కడుపులో మంటగా ఉందని ఏడాదిగా డాక్టర్ల చుట్టూ తిరిగారు. ఈసీజీ, టీఎంటీ, థైరాయిడ్, షుగర్, బీ12 అన్నీ చూశారు. చెప్పుకోదగ్గ తేడా ఎక్కడా లేదు. చివరికి ఒక ఫిజీషియన్ "మీకు నిద్ర ఎలా పడుతోంది?" అని అడిగి, జవాబు విని, మా సైకియాట్రిస్టుకు చీటీ రాశారు.

"డిప్రెషన్ అంటే పనీపాటా లేనోళ్లకు మేడమ్. నాకు టెన్షన్, అంతే," అన్నారు మొదటి రోజు. నేను వాదించలేదు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా రోజు ఎలా గడుస్తోందో చెప్పమన్నాను. అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. మూడింటికల్లా మెలకువ వస్తుంది. పాలబండి వచ్చేదాకా చీకట్లో అలాగే పడుకుని ఉంటారు. ఒకప్పుడు కూరగాయలు తనే మార్కెట్‌కు వెళ్లి తెచ్చేవారు, ఇప్పుడు వంటమాస్టర్ ఏది తెస్తే అదే. పగలంతా ఆఫీసు గదిలో సీసీటీవీ స్క్రీన్ ముందు కూర్చుంటారు, కానీ అందులో ఏం జరుగుతోందో పట్టదు. గీజర్ పనిచేయడం లేదని ఎవరైనా వస్తే ఒంటికాలి మీద లేస్తారు. లెక్కల పుస్తకం తెరిచి రెండు నెలలు దాటింది. ఇంటి నుంచి ఫోన్ వస్తే మోగనిచ్చి, తర్వాత "బిజీగా ఉన్నా" అని మెసేజ్ పెడతారు. రాత్రి క్వార్టర్ పడితే తప్ప కన్ను మూతపడదు.

డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9ను తెలుగులో చదివి వినిపించాను. మొత్తం 27లో 18 వచ్చింది. 15 నుంచి 19 మధ్య వస్తే ఒక మోస్తరు దాటి తీవ్రత వైపు వెళ్లిందని లెక్క. చనిపోతే బాగుండుననే ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు "కొన్ని రోజులు" అన్నారు. అక్కడ ఆగి నేరుగా, విడమరిచి అడిగాను. ఎలా, ఎప్పుడు అనే ఆలోచన లేదు. గతంలో ప్రయత్నించింది లేదు. కూతురి పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఎలాగైనా నెట్టుకు రావాలన్నదే మనసులో ఉంది. ఆ "అయ్యేదాకా" అనే మాట నాకు నచ్చలేదు. అలాంటి ఆలోచన ముదిరితే ఏం చేయాలో ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. ముందు ఫోన్ చేయాల్సిన మనిషి కె.ఆర్.పురంలో ఉండే బావమరిది. ఆయన్ని క్లినిక్‌కు పిలిపించడానికి ఒప్పుకున్నారు. రాత్రిళ్లు ఎవరూ దొరక్కపోతే టెలీ మానస్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు ఆయన ఫోన్‌లో ఆయన చేతే సేవ్ చేయించాను.

తాగుడు అలవాటు ఎంతవరకు వెళ్లిందో చూసే ఆడిట్ పరీక్షలో 12 వచ్చింది. 8 గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్త పడాలి. సైకియాట్రిస్టు డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ మాత్రలు మొదలుపెట్టారు. మందు గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందనీ, రాత్రి క్వార్టర్ నిద్ర పట్టించినట్టే పట్టించి మూడింటికి లేపేస్తుందనీ చెప్పారు.

ఎందుకు పడిపోయారు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఐటీ కుర్రాళ్లంతా ఇంటి నుంచి పని అంటూ ఊళ్లకు వెళ్లిపోయారు. పీజీలు ఖాళీ అయ్యాయి. అడ్వాన్సులు తిరిగివ్వాలి, బిల్డింగ్ ఓనర్లకు అద్దె కట్టాలి, వంటవాళ్లను వదులుకోకూడదు. ఈయన నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. భార్య నగలు బ్యాంకులో పెట్టారు. ఒక బిల్డింగు వదిలేశారు. ఆ రెండేళ్లూ ఆయన పడిపోలేదు. ఆఫీసులు తెరిచి, త్రీ షేరింగ్ గదులు మళ్లీ నిండాక పడ్డారు. నా అనుభవంలో ఇది అరుదేం కాదు. గండం నడుస్తున్నంతసేపూ బిగబట్టుకుని నిలబడిన మనిషి, అది దాటాక కూలబడతాడు. అప్పటికి చుట్టూ ఉన్నవాళ్లు "ఇప్పుడేం కష్టం నీకు?" అంటారు. అతనూ తనను తాను అదే అడుగుతాడు.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, డిప్రెషన్ ఉన్న ప్రతి వంద మందిలో దాదాపు 85 మందికి చికిత్స అందడం లేదు. మా దగ్గరికి రాకముందు ఏడాది పాటు ఈయన ఆ 85 మందిలో ఒకరు. డాక్టర్ల దగ్గరికి వెళ్తూ కూడా.

కౌన్సెలింగ్‌లో ఆయన నోరు పెద్దగా తెరవలేదు. "పర్లేదు మేడమ్, ఓకే" అనేవారు. నన్ను డాక్టరమ్మ లెక్కలో చూసేవారు. డాక్టరమ్మ టైమ్ వృథా చేయకూడదన్నది ఆయన మర్యాద. ఇంకో మగమనిషి, అందులోనూ వ్యాపారం చేసి అప్పులు చూసిన మనిషి, "నాకూ ఇలాగే అయింది" అనడం ఆయన ఎప్పుడూ వినలేదు. గ్రూప్‌లోకి రమ్మనడానికి నాకు కనిపించిన ముఖ్య కారణం అదే.

గ్రూప్ నడిచే పద్ధతి

ఆదివారం మధ్యాహ్నం పీజీల్లో చికెన్ రోజు, యజమాని కదలడానికి వీల్లేదు. మా గ్రూప్ సాయంత్రం ఐదింటికి కాబట్టి ఆయనకు కుదిరింది. గంటన్నర సేపు, ఎనిమిది నుంచి పది మంది. నడిపేది నేను కాదు. డిప్రెషన్ నుంచి కోలుకుని నిలకడగా ఉన్న ఇద్దరు నడుపుతారు. ఒకరు అనంతపురంలో టీచరుగా రిటైరై, కొడుకు దగ్గర వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్న పెద్దాయన. అందరికీ ఆయన మాస్టారే. రెండోవారు బ్యాంకులో పనిచేసే ఒకావిడ. నేను పక్క గదిలో ఉంటాను, పిలిస్తే వెళ్తాను. నేను గదిలో కూర్చుంటే అందరి మొహాలూ నావైపే తిరుగుతాయి, గ్రూప్ కాస్తా ఓపీ అయిపోతుంది.

నియమాలు కొన్నే అయినా వాటి విషయంలో మేం గట్టిగా ఉంటాం. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి విషయాలు గుట్టుగా ఉంచే బాధ్యతను నాలాంటి వృత్తివాళ్ల మీద పెట్టింది. పక్క కుర్చీలో కూర్చున్న తోటి మనిషి నోటికి ఆ చట్టం తాళం వేయదు. అందుకే ప్రతి వారం మొదట్లో అందరూ పైకి మాట ఇస్తారు. ప్రాణానికి ముప్పు అనిపించే మాట ఎవరైనా అంటే మాత్రం నడిపేవాళ్లు నాకు చెప్పి తీరాలి, ఆ సంగతి చేరేటప్పుడే చెబుతాం. మందుల పేర్లు, డోసులు ఒకరికొకరు సూచించకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం, చిట్టీలు, పాలసీలు, ప్లాట్ల బేరాలు ఏవీ ఉండకూడదు. తెలుగువాళ్లు పదిమంది ఒకచోట చేరితే చిట్టీ మాట రాకుండా ఉండదు. అప్పుల వల్ల కుంగినవాళ్లు కూర్చునే గదిలోకి ఇంకో అప్పు రాకూడదనే ఈ నియమం పెట్టాం.

మొదటి వారాలు

మొదట్లో ఆయన తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, ఫోన్ వచ్చినప్పుడల్లా బయటికి వెళ్లేవారు. మూడో వారమో నాలుగో వారమో, కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మాట్లాడాడు. టెస్టింగ్ ఉద్యోగం పోయిందనీ, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదనీ, అమ్మ ఫోన్ ఎత్తడానికి చెయ్యి రావడం లేదనీ అన్నాడు. ఈయన వెంటనే అందుకున్నారు. "తమ్ముడూ, ఇట్టాంటోళ్లను మా పీజీలో వందమందిని చూశా. పొద్దున్నే లేచి వాకింగ్ చెయ్. రెజ్యూమె నాకు పంపు, నాకు తెలిసిన హెచ్ఆర్‌లు ఉన్నారు," అని ఐదు నిమిషాలు ఆపకుండా చెప్పారు. కుర్రాడు తల దించుకున్నాడు.

మాస్టారు ఆపారు. "అన్నా, ఆ అబ్బాయి సలహా అడగలేదు. మీరెప్పుడైనా ఇంటి ఫోన్ ఎత్తలేకపోయారా? అది చెప్పండి, వింటాం."

ఆయన మొహం మాడిపోయింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఇరవై ఏళ్లుగా నలుగురికీ దారి చెప్పడమే ఈయన బతుకు. కుర్రాళ్లు జబ్బు పడితే ఆసుపత్రికి తీసుకెళ్లేది ఈయనే, వాళ్ల నాన్నలకు ఫోన్ చేసి ధైర్యం చెప్పేది ఈయనే. ఆ పాత్ర లాగేసుకుని "నీ బాధ చెప్పు" అంటే ఆయన చేతిలో ఏమీ మిగలదు. మాస్టారు ఆపడం సబబే, ఆపకపోతే ఆ కుర్రాడు ఇంక వచ్చేవాడు కాదు. కానీ ఆ మనిషిని తిరిగి రప్పించాలంటే బతిమాలడం పనికిరాదు, ఆయన అవసరం ఉండాలి. గ్రూప్ నడిపే ఇద్దరితో కూర్చుని ఈ సంగతే మాట్లాడాను. బ్యాంకు ఆవిడ ఫోన్ చేసి, "గది సర్దడం, టీ చూసుకోవడం మావల్ల కావడం లేదు. మీకు అలవాటైన పని, కాస్త ముందే రాగలరా?" అని అడిగారు. ఆ మాట నిజమే, ప్రతి వారం టీ ఆలస్యమయ్యేది. ఆయన వచ్చారు. కుర్చీలు గుండ్రంగా వేయించి, తలుపుకు ఎదురుగా ఎవరూ కూర్చోకుండా చూశారు. లోపలికి వచ్చేవాళ్ల చూపు ముందు వాళ్ల మీదే పడుతుందట. అన్నేళ్లుగా కొత్తవాళ్లను చేర్చుకున్న మనిషికే తట్టే విషయం అది.

డిప్రెషన్‌లో ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. ముందు చిన్న పని, వెనకాల కొంచెం ఉత్సాహం. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స నడిచేది ఈ సూత్రం మీదే. ఆయనకు వాకింగ్ చెయ్యమని నేను రాసిచ్చిన షెడ్యూలు జేబులోనే నలిగిపోయింది. పదిమంది ఎదురుచూసే టీ మాత్రం ఒక్క వారం కూడా ఆగలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం, టీ గ్లాసులు ఇచ్చి కూర్చుంటూ, ఎవరూ అడక్కుండానే చెప్పారు. నగలు బ్యాంకులో ఉన్న సంగతి భార్యకు తెలుసు, కానీ వడ్డీ అప్పు తెలియదు. రెండో బిల్డింగు వదిలేసిన సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ రెండు పీజీలున్నాయనే చెబుతున్నారు. చెప్పి చాలాసేపు ఏడ్చారట. ఎవరూ ఓదార్చలేదు. కర్నూలు కుర్రాడు మాత్రం "నేనూ ఉద్యోగానికి పోతున్నాననే చెప్తున్నా అన్నా" అన్నాడు. ఆ వారం తర్వాతే నా దగ్గర కౌన్సెలింగ్‌లో మాటలు సాగాయి. ఆ నెలాఖరులో పీహెచ్‌క్యూ-9 స్కోరు 11. తొమ్మిదో ప్రశ్నకు సున్నా.

సంక్రాంతి

2024 సంక్రాంతికి నెల్లూరు వెళ్తూ మాత్రలు ఇక్కడే వదిలేసి వెళ్లారు, భార్య కంట పడతాయని. తిరిగొచ్చాక కూడా వేసుకోలేదు, బాగానే ఉందనిపించింది. కొద్ది రోజులకే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, ఊరికే కోపం మొదలయ్యాయి. జబ్బు ముదిరిందనుకుని భయపడ్డారు. క్వార్టర్ మళ్లీ వచ్చింది. స్కోరు 14కు ఎగబాకింది.

మాత్రలు ఒక్కసారిగా ఆపితే వచ్చే లక్షణాలివి. అలా ఆపకూడదని సైకియాట్రిస్టు చెప్పారు, నేనూ చెప్పాను. కాగితం మీద రాసీ ఇచ్చాం. అయినా ఆయన తలకు ఎక్కింది గ్రూప్‌లో విన్నాకే. మాస్టారు తన కథ చెప్పారు. బాగైందని తనంతట తానే ఆపడం, ఇవే తల తిరుగుళ్లు, మూడు నెలల్లో మళ్లీ మంచాన పడటం. "మాత్రల సంగతి నేను చెప్పకూడదు. రేపు డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా, పదండి," అన్నారు. సోమవారం ఇద్దరూ వచ్చారు. సైకియాట్రిస్టు చూసి మందు మళ్లీ మొదలుపెట్టారు.

తోటివారి మద్దతు బలం ఇక్కడే ఉందని నా నమ్మకం. నేను చెబితే సమాచారం. అదే దారిలో నడిచి దెబ్బతిన్న మనిషి చెబితే సాక్ష్యం. 2011లో ఫైఫర్, ఆయన సహచరులు డిప్రెషన్‌లో తోటివారి మద్దతుపై జరిగిన ట్రయల్స్‌ను కలిపి విశ్లేషించారు. మామూలు వైద్యంతో పోలిస్తే ఈ మద్దతు దొరికినవాళ్లలో లక్షణాలు మరింత తగ్గాయి. ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే సీబీటీ అనే థెరపీని గ్రూప్‌గా ఇచ్చి పోల్చిన ట్రయల్స్‌లో రెండింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ట్రయల్స్ చాలావరకు చిన్నవి, అంతమాత్రాన మందులూ థెరపీ మానేసి గ్రూపే చాలని ఎవరూ అనుకోకూడదు. ఈ కేసులోనే చూడండి, గ్రూప్ చేసిన గొప్ప పని ఆయన్ను డాక్టర్ దగ్గరికి తిరిగి తీసుకురావడం.

తర్వాతి వారం భార్యను బెంగళూరు పిలిపించారు. మా గదిలో కూర్చుని అప్పు సంగతి, మాత్రల సంగతి ఆయనే చెప్పారు. ఆవిడ కోపం అప్పు మీద కాదు. "మూడేళ్లు నాతో నాటకం ఆడాడు మేడమ్," అన్నారు. ఆ కోపం తగ్గడానికి ఇంకో రెండు సిటింగులు పట్టాయి. లెక్కల పుస్తకం మాత్రం ఆ రోజు రాత్రే ఇద్దరూ కలిసి తెరిచారు.

మార్చి, నీళ్ల కరువు, ఒక మంచం

ఆ ఫిబ్రవరి, మార్చిల్లో బెంగళూరులో నీళ్లకు ఎంత కటకట అయిందో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. బోర్లు ఎండాయి, ట్యాంకర్ రేట్లు పెరిగాయి. గ్రూప్‌లో ఒక ఆదివారమంతా అవే మాటలు: నీళ్లు, ఉద్యోగాల కోత, వడ్డీలు. ఒకరి బాధకు ఇంకొకరు తమ బాధ జోడిస్తూ పోయారు. అందరూ వచ్చినప్పటికంటే బరువుగా ఇంటికెళ్లారు. బాధను పంచుకోవడం వేరు, కలిసి అందులోనే తిరగడం వేరు. రెండోది డిప్రెషన్‌ను పెంచుతుంది. ఆ వారం నుంచి ఆఖరి ఇరవై నిమిషాలు విడిగా పెట్టాం. రాబోయే వారంలో చేయబోయే ఒక చిన్న పని ఒక్కొక్కరూ చెబుతారు, పోయిన వారం చెప్పింది ఏమైందో కూడా. కర్నూలు కుర్రాడు ఆ సమయంలోనే "అమ్మకు ఫోన్ చేస్తా" అన్నాడు. చేశాడు.

అదే నెలలో అసలు చిక్కు వచ్చింది. ఆ కుర్రాడికి పీజీ అద్దె కట్టే దారి లేదు, గది ఖాళీ చేయాలి. ఈయన తన పీజీలో ఒక మంచం ఊరికే ఇస్తానన్నారు. మంచి మనసుతో అన్న మాట, కుర్రాడికి అవసరం కూడా. గ్రూప్‌లో సగం మంది ఒప్పుకున్నారు. మాస్టారు నన్ను లోపలికి పిలిచారు. నేను వద్దన్నాను. ఆ మంచం మీద పడుకున్నాక, వచ్చే వారం ఈయన మాట నచ్చకపోతే ఆ కుర్రాడు పైకి అనగలడా? అతను మళ్లీ కుంగితే, రాత్రి పన్నెండింటికి తలుపు తట్టి చూసే కాపలా ఈయన మీద పడదా? అప్పుల్లో ఉన్న మనిషికి ఖాళీ మంచం కూడా డబ్బే కదా? గదిలో కాసేపు వేడి పుట్టింది. బ్యాంకు ఆవిడ ముక్కుసూటిగా "అంతా బాగున్నప్పుడు నియమం పాటించడం గొప్ప కాదు మేడమ్, అబ్బాయి రోడ్డున పడుతుంటే ఎలా?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైందే.

చివరికి దారి కుర్రాడే చెప్పాడు. తనకు ఊరికే వద్దు, గడువు కావాలి. ఈయనకు మున్నేకొళాలలో పీజీ నడిపే స్నేహితులున్నారు. వాళ్లలో ఒకరి నంబరు ఇచ్చారు, అంతే. కుర్రాడే ఫోన్ చేసి, అడ్వాన్స్ రెండు వాయిదాల్లో కట్టేలా మాట్లాడుకున్నాడు. మేలు జరిగింది, గ్రూప్‌లో ఇద్దరి కుర్చీలూ ఒకే ఎత్తులో ఉండిపోయాయి.

ప్రస్తుతం

2024 జూన్‌లో చూసినప్పుడు పీహెచ్‌క్యూ-9 స్కోరు 6. నిద్ర ఐదింటిదాకా పడుతోంది. క్వార్టర్ రోజూ లేదు, పండగలకీ ఫంక్షన్లకీ ఉంది. దాన్ని ఇంకా గమనిస్తున్నాం. కూరగాయల మార్కెట్‌కు వారంలో మూడు రోజులు తనే వెళ్తున్నారు. అప్పు తీరలేదు. వడ్డీ అప్పులో కొంత బ్యాంకు లోనులోకి మార్చారు, నగలు ఇంకా విడిపించలేదు. భార్య, పిల్లలు వేసవి సెలవులు ఇక్కడే గడిపారు. కూతురు పదో తరగతి పాసైంది. "అయ్యేదాకా" అన్న ఆ పాత మాట గురించి నేను మళ్లీ నేరుగా అడిగాను. ఇప్పుడు ఇంటర్ కాలేజీ ఫీజుల గురించి మాట్లాడుతున్నారు.

డిప్రెషన్ లక్షణాలు తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలి. మధ్యలో ఒకసారి తిరగబెట్టింది కాబట్టి ఏడాది చివరిదాకా వాడి, ఆ తర్వాత మెల్లగా తగ్గిద్దామన్నారు సైకియాట్రిస్టు. ఈసారి మాత్రల డబ్బా నెల్లూరుకూ వెళ్తుంది. జూన్, జూలై నెలల్లో కాలేజీ ముగించుకున్న కుర్రాళ్లు ఉద్యోగాల్లో చేరడానికి దిగుతారు, పీజీలకు అది గిరాకీ కాలం. అందుకని రెండు వారాలకోసారి వస్తానన్నారు. రాని వారం మాస్టారితో ఫోన్‌లో మాట్లాడాలనే షరతు మీద ఒప్పుకున్నాం.

గ్రూప్ నడపడం నేర్చుకుంటానని ఆయనే అడిగారు. మందు తగ్గించడం పూర్తయి, ఆ పైన మూడు నెలలు నిలకడగా గడిస్తే, మాస్టారి పక్కన కూర్చోబెట్టి మొదలుపెడదామని చెప్పాం. అప్పటిదాకా టీ బాధ్యతను వేరేవాళ్లతో పంచుకోమన్నాం. ఆ పనివల్ల ఆయనకు జరిగిన మేలు ఇప్పుడు కొత్తగా చేరిన ఇంకొకరికి కావాలి.